నిషేధం పడవకా, పీతకా?

మే నెలలో ఒక ఉదయం విజయనగరం జిల్లా కోనాడ వెళ్లాను. చంపావతి నది సముద్రంలో కలిసే చోటు, అంటే మొగ, అది. ఫైబర్ తెప్పలన్నీ ఇసుక మీదికి లాగి, మోటార్లు విప్పి, పైన టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. నీడ దొరికిన చోటల్లా మగవాళ్లు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వేట నిషేధ కాలం మరి. అయితే మొగ లోపలి వైపు, మోకాలి లోతు బురదలో, డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన ఒకరు కొన వంచిన ఇనుప చువ్వతో గట్టు కింద కన్నాలు వెతుకుతున్నారు. పక్కన తాటాకు బుట్టలో, బురదలో కన్నాలు చేసుకుని ఉండే మండ పీతలు నాలుగు, డెక్కలు కదలకుండా తాడుతో బిగించి ఉన్నాయి.

“నిషేధం కదా తాతా, ఇవెలా?” అన్నాను.

“నిషేధం పడవకు బాబూ, పీతకు కాదు. నాకు పడవ లేదు” అన్నారాయన, చువ్వ బయటికి తీయకుండానే.

తప్పించుకోవడానికి చెప్పిన మాట అనుకున్నాను. తర్వాత నిబంధనలు తిరగేస్తే ఆయన అక్షరాలా నిజమే చెప్పారని తేలింది. ఇంటి కూరకో, నాలుగు రూపాయల కోసమో పీతలు పట్టుకునేవారికి ఏది చట్టమో, ఏది కట్టుబాటో, ఏది వట్టి వదంతో మన తీరంలో చాలామందికి తెలియదు. మే నెలలో బజారులో పీతలు కనిపిస్తే ‘ఇవి కొనవచ్చా, కేసవుతుందా’ అని సందేహించే బంధువులు నాకే ఉన్నారు.

ముందు ఆ 61 రోజుల సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా వేట ఆపుతారు. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. 2020లో లాక్‌డౌన్ వల్ల అప్పటికే వేట ఆగిపోయింది కనుక ఆ ఒక్క ఏడాది మళ్లీ 47 రోజులకు తగ్గించి, మే 31తో ముగించారు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రానికి కాస్త ఊపిరి పోసుకునే వ్యవధి ఇవ్వాలన్నది ఉద్దేశం. టీవీలో మాత్రం ‘సముద్రంలో చేపల వేట నిషేధం’ అని నాలుగు మాటల్లో తేల్చేస్తారు. అసలు ఆంక్ష ఉన్నది మర పడవల మీద, మోటారు బిగించిన తెప్పల మీద. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే సంప్రదాయ తెప్పకు అది వర్తించదు. కాలినడకన బురదలో దిగి చేత్తో పీత పట్టుకునే మనిషి ఆ ఉత్తర్వు దృష్టిలో అసలు లేనే లేడు. అడ్డు లేదు, అండ కూడా లేదు.

అండ అని ఎందుకంటున్నానంటే, నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి ఒకటుంది. 2019 నుంచి 10,000 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని 2025 ఏప్రిల్‌లో 20,000 చేశారు. ఆ కార్యక్రమం మొదలుపెట్టింది శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే. అది పడవ లెక్కన, పడవ మీద పనిచేసేవారికి ఇచ్చే సాయం. ఉప్పుటేరులో దిగి పీతలు ఏరుకునే ఆడవాళ్లు, ముసలివాళ్లు ఆ లెక్కలోకి రారు. చట్టం పడవను కొలుస్తుంది, సాయమూ పడవను చూసే వస్తుంది. పీత కష్టాలు పీతవి అంటారు కదా, పీతను పట్టేవాడి కష్టాలూ అంతే.

ఇక ఏ నీరు ఎవరిది అన్న చిక్కు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, వేట విషయంలో అధికారం రాష్ట్రానిది. ఆ పైన కేంద్రానిది. రాష్ట్ర పరిధిలో నడిచేది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ తెప్పలకు వదిలిపెట్టి, మర పడవలు ఆ అవతలే వేటాడాలని దాని కింద ఏర్పాటు. పీతలు దొరికేది ఎక్కువగా మొగల్లో, ఉప్పుటేళ్లలో, తీరాన్ని ఆనుకున్న ఇసుక అడుగున కాబట్టి ఇంటి కూరకు పట్టేవారికి ఆ 8 కిలోమీటర్ల గీతే అసలైన రక్షణ. గీత దాటి లోపలికి వచ్చిన ట్రాలర్ ఒక్క రాత్రి అడుగును గీరిపోయిందంటే, బుట్ట పట్టుకుని తిరిగేవారు ఏడాది పొడవునా పట్టేదానికంటే ఎక్కువే పోతుంది. పీతలు ఎందుకు తగ్గాయని తీరంలో ఎవరినైనా అడగండి, ముందు వచ్చే జవాబు ఇదే.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఇంకో ముడి ఉంది. ఇచ్ఛాపురం మండలం డొంకూరు దగ్గర బాహుదా నది సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి కొంచెం పైకి వెళితే ఒడిశా. ఆ రాష్ట్రం ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం ధామ్రా, దేవి, రుషికుల్య మొగల ఎదుట ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలల పాటు, వేట ఆపుతుంది. నీటి మీద సరిహద్దు రాయి ఉండదు. మన వైపు చెల్లిన పని పొద్దు ఎక్కేసరికి అటు వైపు నేరమైపోవచ్చు.

ఇంతకీ ‘కూటి వేట’ అనే మాటకు చట్టంలో చోటుందా? అమెరికాలోని అలాస్కాలో ఉంది. తిండి కోసం పట్టుకునే వేటను విడిగా గుర్తిస్తూ ఆ రాష్ట్రం 1978లో చట్టం చేసింది. 1980లో ఫెడరల్ చట్టం అక్కడి గ్రామీణులకు ఇంకో అడుగు ముందుకేసి ప్రాధాన్యం ఇచ్చింది. చేపలో పీతలో తగ్గిపోయి ఆంక్షలు పెట్టక తప్పనప్పుడు ముందు వ్యాపార వేటకు, సరదా వేటకు కోత పడాలి, కూటి వేట వంతు ఆఖరున రావాలి. అక్కడ పీతల బుట్టకు పెట్టే షరతు ఒకటి నాకు చాలా నచ్చింది. బుట్టకు ఒక కంత ఉంచి దాన్ని నూలు దారంతోనే కుట్టాలి. బుట్ట తెగిపోయి సముద్రంలో మిగిలిపోతే కొన్నాళ్లకు నూలు చివికి కంత తెరుచుకుంటుంది, లోపలి పీతలు బయటపడతాయి. మన నైలాన్ వల అయితే ఎవరికీ పట్టకుండా అడుగున ఏళ్ల తరబడి పీతలను చంపుతూనే ఉంటుంది.

మన దేశంలో ఇలాంటి గుర్తింపు సముద్రపు చట్టాల్లో వెతికితే దొరకలేదు, అడవి చట్టంలో దొరికింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కుల జాబితాలో చేపలనూ, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తులనూ పేరు పెట్టి చెప్పింది. 2012లో సవరించిన నియమాలు మరో మెట్టు ఎక్కాయి. జీవనోపాధి అవసరం అంటే తన, తన కుటుంబం అవసరాలు తీర్చుకోవడం, అందులో మిగిలింది అమ్ముకోవడం కూడా అని రాశాయి. ఈ చివరి ముక్క విలువైనది. కూటి కోసం పట్టుకునేవాడు అమ్మకూడదనీ, అమ్మితే వ్యాపారి అయిపోయాడనీ వాదించేవారికి ఇదే జవాబు. ఆరు పీతల్లో రెండు ఇంటికి, నాలుగు సంతకు పోతే ఆ నాలుగు రూపాయలతోనే ఇంట్లోకి బియ్యం, నూనె వస్తాయి. పీత అమ్మి బియ్యం కొనడమూ కూడే.

కాబట్టి మందస, మెళియాపుట్టి వైపు కొండల కింద అడవి గెడ్డలో, అంటే వాగులో, ఎండ్రకాయలు (మంచినీటి పీతలు) పట్టుకునే సవర గిరిజన కుటుంబానికి, గ్రామసభ ద్వారా సాధించుకుంటే, కాగితం మీద హక్కు ఉంటుంది. కోనాడ మొగలో మండ పీత పట్టే మత్స్యకారుడికి ఆ కాగితం లేదు. తాతలనాటి అలవాటే ఆయన పట్టా.

ఇప్పుడు పీత దగ్గరికి వద్దాం. పీతను పట్టవచ్చా, వదలాలా అన్నది చాలావరకు దాని పొట్ట మీదే రాసి ఉంటుంది. వెల్లకిలా తిప్పితే పొట్టకు అతుక్కుని ఒక మడత రేకు కనిపిస్తుంది. అది సన్నగా, కొన తేలి ఉంటే మగ పీత. వెడల్పుగా, గోపురంలా గుండ్రంగా ఉంటే ఈడుకొచ్చిన ఆడ పీత. వెడల్పు త్రికోణంలా ఉండి గుండ్రదనం ఇంకా రాకపోతే ఎదగని ఆడ పిల్ల. ఈ మూడూ చూడటానికి కొలబద్ద అక్కరలేదు, చదువూ అక్కరలేదు.

గుడ్డు సంగతి దగ్గరే అందరూ తికమకపడతారు. పీతకు గుడ్డు రెండు చోట్ల ఉంటుంది, రెండు వేర్వేరు దశల్లో. మొదటిది డిప్ప లోపల, నారింజ రంగులో గట్టిపడే అండాశయం. విజయనగరం బజారులో ‘గుడ్డు పీత ఉందా’ అని అడిగి కొనేది దీన్నే. పులుసులో ముద్దగా తేలే ఆ నారింజ ముక్క కోసం ఇళ్లలో పిల్లలు పోట్లాడుకుంటారు, మా ఇంట్లో పెద్దలు కూడా. రెండో దశలో ఆ గుడ్లు బయటికొచ్చి మడత రేకు కింద స్పాంజిలా గుత్తిగా అంటుకుంటాయి. మొదట నారింజ రంగు, తర్వాత గోధుమ, చివరికి నలుపు. నల్లబడిందంటే లోపల పిల్లల కళ్లు ఏర్పడ్డాయని, ఇక పొదిగే రోజు దగ్గరపడిందని అర్థం. ఒక్క గుత్తిలో గుడ్లు లక్షల్లో ఉంటాయి. బయట గుడ్డున్న పీతను వదిలేయాలన్నది శాస్త్రవేత్తలు చెప్పే మాట. తీరంలో పెద్దలు చాలామంది పాటించే పద్ధతి కూడా.

అయితే ఈ ఒక్క నియమంతో పని జరిగిపోతుందా? నాకు అనుమానమే. లోపల గుడ్డున్న పీత కొన్ని రోజుల్లో బయట గుడ్డు పీత అయ్యేదే. బయట గుడ్డుతో ఉన్నదాన్ని జాలిపడి వదిలి, లోపల గుడ్డుతో ఉన్నదాన్ని ఎక్కువ ధరకు అమ్మితే వదిలిన పుణ్యం సగమే మిగులుతుంది. పైగా మండ పీత గుడ్లు పొదగడానికి ఉప్పుటేరు వదిలి సముద్రంలోకి పోతుంది. అంటే మొగల్లో, ఏళ్లలో పట్టేవారికి బయట గుడ్డు పీత ఎదురుపడేదే తక్కువ. వాళ్ల చేతికి చిక్కేవి ఆ ప్రయాణానికి సిద్ధమవుతున్న ఆడ పీతలు. వేసవిలో చిన్న నదుల మొగలు ఇసుకతో పూడిపోయినప్పుడైతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఈ చిక్కును గొడ్డలితో నరికినట్టు తెంచేసింది. మండ పీతల్లో ఆడదాన్ని పట్టనే కూడదు. మగదైతే డిప్ప వెడల్పు 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇంటి కోసమైనా ఇదే నియమం. ఒక మగ పీత అనేక ఆడ పీతలతో జత కట్టగలదు కాబట్టి మగవి కొన్ని తగ్గినా సంతతికి పెద్ద దెబ్బ తగలదన్నది దాని వెనక ఉన్న లెక్క. చక్కగా ఉంది కదా, మనమూ పెట్టుకుందామనిపిస్తుంది. కానీ మన ఏళ్లలో మండ పీత ఒక్కటే రకం కాదు. పెద్దగా పెరిగే ముదురు ఆకుపచ్చ రకం ఒకటి, డెక్కలు ఎర్రగా ఉండే చిన్న రకం ఒకటి. రెండో రకం 15 సెంటీమీటర్లకు ఎదగడం అరుదు. ఆ కొలతను ఉన్నపళంగా తెచ్చి ఇక్కడ అమలు చేస్తే చిన్న రకాన్ని పట్టుకునేవాడి బుట్ట ఎప్పటికీ ఖాళీయే. కొలత రకానికి తగ్గట్టు ఉండాలి. మన దేశంలో ఆ దారి మొదలుపెట్టింది కేరళ. 2015లో 14 రకాలకు ఇంతకంటే చిన్నవి పట్టకూడదని కనీస పరిమాణం ప్రకటించి, 2017లో ఆ జాబితాను 58 రకాలకు పెంచింది. పడవను వదిలి జీవిని కొలిచే నియమం అంటే అదీ.

వదిలేయాలనే నియమం ఏదైనా సరే, పట్టే పనిముట్టును బట్టి ఉంటుంది. ఇనుప చువ్వతో కన్నంలోంచి లాగిన పీత, చేప తలను ఎరగా కట్టి దించిన వలయంలో ఎక్కిన పీత ప్రాణంతో, కాళ్లన్నీ ఉండగా చేతికొస్తాయి. నచ్చకపోతే నీళ్లలో వేస్తే నడుచుకుంటూ పోతాయి. అడుగున పరిచే పీత వలలో పడ్డది అలా కాదు. కాళ్లకు, డెక్కలకు నైలాన్ పోగు చుట్టుకుని, విడదీయడానికి అరగంట పడుతుంది. ఒడ్డున ఆడవాళ్లు వల ముందేసుకుని ఒక్కొక్క పీతను విప్పుతుంటే చూడండి, ఎంత నేర్పున్నా రెండు కాళ్లు విరగనిదే చాలా పీతలు బయటికి రావు. అప్పటికి గంటల తరబడి ఎండలో ఉండి ఉంటుంది కూడా. దాన్ని ‘వదిలేశాం’ అంటే మనసు ఊరుకోవడానికే. అందుకే నియమం పీతకు పెట్టినా పనిముట్టును చూడక తప్పదు.

ఇక్కడ మరో నమ్మకం గురించి చెప్పాలి. అమావాస్య పీతకు కండ, పౌర్ణమి పీత డొల్ల అంటారు. నిజానికి పీత ఎదగాలంటే పాత డిప్ప విడవాలి. విడిచిన కొత్తలో ఒళ్లంతా మెత్తగా, లోపల నీళ్లతో ఉంటుంది. ఆ నీళ్ల పీతను వండితే పులుసులో వట్టి డిప్పే మిగులుతుంది. ఏ రోజు పట్టినా అసలు పరీక్ష వేలితో నొక్కడమే. కాలి మొదట్లో, పొట్ట వైపు నొక్కితే లోపలికి దిగితే నీళ్ల పీత. ఆడ పీత జత కట్టేది కూడా సరిగ్గా డిప్ప విడిచిన ఆ మెత్తటి రోజుల్లోనే, మగ పీత దాన్ని పొట్ట కింద పొదువుకుని కాపలా కాస్తుంది. కాబట్టి నీళ్ల పీతను వదలడం ధర్మం అని చెప్పనక్కరలేదు, లాభం లేదని చెబితే చాలు. ఈ మధ్య వాటినీ కొని చెరువుల్లో కొన్ని వారాలు మేపి కండ పట్టించి అమ్మేవారు రావడంతో ఆ లాభం లేకపోవడం అనే కాపలా కూడా పోతోంది.

లోపలి ఊళ్లలో ఎండ్రకాయల కథ వేరు. తొలకరి పడగానే వరి గట్ల మీద, గెడ్డల పక్కన పిల్లలు బకెట్లతో బయలుదేరతారు. గట్లకు కన్నాలు పెట్టి నీరు బయటికి పోయేలా చేస్తాయి కనుక పొలం రైతు వాటిని పట్టుకుపొమ్మనే అంటాడు. చెరువు విషయంలో మాత్రం జాగ్రత్త. చేపల హక్కు సంఘానికో, పాటదారుకో ఇచ్చి ఉంటే ఆ నీళ్లలో దిగేముందు వాళ్లను అడగాలి. కన్నంలో చెయ్యి పెట్టేముందు ముందుగా కర్ర పెట్టాలన్నది ఏ చట్టంలోనూ లేని నియమం, లోపల ఎండ్రకాయ బదులు పాము ఉండవచ్చు. పురుగుమందు చల్లిన పొలంలో కొన్నాళ్లు పట్టకపోవడం, సగం ఉడికించి తినకపోవడం కూడా అలాంటివే.

పూర్తిగా నేరమయ్యే పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో తర్కానికి తావు లేదు. గెడ్డలో మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నిషిద్ధం. అది చేపల గురించి కదా, పీతలకేం అనడానికి వీల్లేదు. చేప అంటే గుల్ల జీవులు కూడా అని ఆ చట్టమే ముందే చెప్పేసింది. గుర్రపునాడా పీత వలలో పడితే వదిలేయాలి. ఇనుప టోపీకి బరిసె తోక తగిలించినట్టుండే ఆ జీవి పేరుకే పీత, చుట్టరికం తేళ్లతో, సాలెపురుగులతో. 2009లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో చేర్చారు. తాబేలు పడితే వల కోసైనా వదలాలి. కళింగపట్నం, బారువ ఇసుకల మీద గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీలకు ఆ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది.

మిగిలినదంతా ఊరి కట్టుబాటు. మొగలో ఎవరు ఎక్కడ వలయాలు దించాలి, ఒకరి కన్నాల గట్టు మీదికి మరొకరు పోవచ్చా, పిల్ల పీతలను చెరువుల వాళ్లకు అమ్మవచ్చా అన్నవి పెద్దల దగ్గర తేలేవే. మొగ ఒడ్డున ప్రతిరోజూ ఎవరు దిగారో ఊరికి తెలుసు. ఏ శాఖకూ అంత దగ్గరి చూపు ఉండదు. శాస్త్రవేత్తలు పెట్టే కొలత ఈ పెద్దల నోట పలికితేనే ఆ బురదలోకి దిగుతుందని నా నమ్మకం.

కోనాడ పెద్దాయన ఐదో పీతను నేను ఉండగానే లాగారు. ముందు డెక్కలు రెండూ కాలి కింద అదిమి, వెల్లకిలా తిప్పారు. గోపురంలాంటి రేకు, ఆడది. రేకు ఎత్తి చూశారు, గుడ్డు లేదు. వదిలేస్తారనో, బుట్టలో వేస్తారనో నేను ఎదురుచూస్తుంటే ఆయన దాన్ని ఎండకు ఎత్తి, డిప్పకూ రేకుకూ మధ్యనున్న సందును బొటనవేలితో కాస్త విడదీశారు. లోపల నారింజ రంగు మెరిసింది.

“ఇది గుడ్డు పీతే కదా తాతా?”

“లోపలి గుడ్డు బాబూ. దీనికే రేటు.”

నడుముకు చెక్కుకున్న తాడు ముక్క తీసి డెక్కలు బిగించి కట్టి, బుట్టలో మిగతా నాలుగింటి పైన పెట్టారు.